ఎరువు

ఫారంలో అన్నీ నింపేశాం, ఒక్క గడి తప్ప.
పేరు: ఇప్పిలి మంజరి.
ఊరు: పర్లాకిమిడి.
వస్తువు ఏమిటి అన్న దగ్గరే సగం పొద్దు పోయింది.
చీర కాదు, తివాచీ కాదు, వలా కాదు.
నా కుట్టుకొట్టు గుమ్మం దాటి
పద్దెనిమిది మూరలు వీధిలోకి పారిన
మహేంద్రతనయ అది, వరదరోజుల్లోది.
చివరికి "నారపని" అని రాశాను.
నా ఒడియా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని
ఈ వీధిలో ఏ అర్జీ అయినా నా చేతే రాయిస్తారు.

మిగిలిన గడి: ఖరీదు.
దారిలో తడిసినా తగలబడినా
భువనేశ్వరం వాళ్ళు ఎంత కట్టాలి?

"సామాను లెక్కెయ్యి మావా" అంది మంజరి.
వేళ్ళకి కరక్కాయ నలుపు ఇంకా వదల్లేదు.

వేశాను.
కిత్తనార పన్నెండు కిలోలు, కాశీనగరం సంతలో కొన్నది.
గోగునార కొన్నది కాదు.
కురమాన అప్పలస్వామి మడుగులోంచి తీసి
నీళ్ళోడుతున్న రెండు మోపులు పడేసి పోయాడు,
"మా గుంటకి లెక్కలు సెప్పింది కదేటి" అని.
నా కొట్టులో పదేళ్ళ పీలికలు:
జాకెట్టు చంకల్లో మిగిలిన పెళ్ళి ఎరుపు,
బడిపిల్లల నీలం,
ఎవరో కుట్టమని ఇచ్చి మళ్ళీ రాని పచ్చ.
వాటిని దాచినందుకు మా ఆవిడ తిట్టిన తిట్లు
ఏ ధరకి వెయ్యను?

కొమ్ముపని మహారణా గారు
గేదెకొమ్ము అరగదీసి జానెడు సూది చేసిచ్చారు.
బెజ్జం దగ్గర విరిగింది. మళ్ళీ చేశారు. విరిగింది.
నాలుగోది నిలబడింది.
ఆ ఒక్కదాని ధరేనా, విరిగిన మూడింటిదీ కలపాలా?

వానాకాలమంతా ఉరవనిది
లాడ్జిలో పదకొండో నంబరు ఒక్కటే.
ఆ గదిలో నది పడుకుంది,
పెళ్ళివారు వరండాలో పడుకున్నారు.

ఎదురింటి సుభద్రమ్మ దారం చిక్కు తీస్తూ తీస్తూ
అవతలి కొస పట్టుకున్నది కోడలని చూసుకోలేదు.
మూడేళ్ళ తర్వాత మాట: "కాస్త వదులు చెయ్యి."
దీన్ని మాత్రం ఎవరూ లెక్కలో వెయ్యమనలేదు.

నేను ఎనభై వేలన్నాను.
మహారణా గారు రెండు లక్షలన్నారు.
"ఎవుడు కొంతాడేటి" అని లాడ్జి మేనేజరు నవ్వాడు.
మంజరి కూడా నవ్వింది.
ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర
మోకాళ్ళు ముడుచుకు కూర్చుంది సుంబారి గమాంగ్,
సెరంగో కొండ దిగి పొద్దున్నే వచ్చింది.
నది నడిమధ్య ఇసుకదిబ్బలా పరిచిన
ఎర్ర అంచు తెల్లగుడ్డ ఆమెది.
తెలుగు సగం, సవర సగం కలిపి అంది:
"మా అమ్మ గుడ్డ. అమ్మలేదు. ఇచ్చీలేదు.
ఎరువు.
చలి ముదిరేలోపు తేవాల.
కప్పుకోడానికి నాకు అదే ఉంది."

ఎరువు సొమ్ము బరువు చేటు,
మా అమ్మ ఊరికే అనేదనుకున్నాను.
చూస్తే పద్దెనిమిది మూరల్లో
ఇదిగో ఇది నాది అని మంజరి చెయ్యి పెట్టగలిగిన చోటు
ముడులు తప్ప లేదు.

ఖరీదు గడిలో
ఒడియా మరిచిపోయి తెలుగులో రాశాను: ఎరువు.

పార్సిలు గుమాస్తా కొత్తవాడు, బాలాసోరు మనిషి.
ఇదేమిటన్నాడు.
పక్కన యూరియా బస్తాల కోసం నిలబడ్డ కుర్రాడు
చటుక్కున ఒడియాలో చెప్పేశాడు: "ఖతో."
గుమాస్తా మూట మీద వంగి వాసన చూశాడు.
మడుగులో మురిగిన గోగునార.
నమ్మేశాడు.
చీటీ మీద అదే రాసి ముద్ర కొట్టాడు.

దిద్దించబోతే మంజరి నా మోచెయ్యి పట్టుకుంది.
"ఉండనీ మావా.
అదీ అబద్ధం కాదు."

పూరీ బండి కదిలింది.
అందరూ మూటనే చూస్తున్నారు.
సుంబారి మాత్రం వేలి కణుపుల మీద లెక్కపెడుతోంది,
చలికి ఇంకా ఎన్ని సంతలున్నాయో.